అచ్చుకెక్కని జేన్

“నేను జేన్‌నే, కాదనను. కానీ మీరు వెతుకుతున్న జేన్‌ని మాత్రం కాదు,” అంది ఆకుపచ్చ మొహపు ఆడమనిషి.

డిటెక్టివ్ హెలెన్ వార్గా ఆమెను ఎగాదిగా చూసింది. నుదుటి దగ్గర్నుంచి చేతివేళ్ళ కొసల దాకా పచ్చరంగు. కళ్ళకి నల్లటి ముసుగు. కుడి మణికట్టుకి వెడల్పాటి రాగి కడియం. ఆ రంగు వెనకాల ఉన్న మనిషి పేరు డాక్టర్ వినిఫ్రెడ్ ఓక్స్. పిట్స్‌బర్గ్‌లో పేరున్న పళ్ళ డాక్టరు.

“దొంగలంతా అనే మాటే అది,” అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ ప్రెస్కాట్ కెల్.

“దొంగలంతా నేను జేన్‌నే అంటారా?” అంది హెలెన్ అతని వైపు తిరక్కుండానే.

కెల్ మెరివెదర్ కామిక్స్ కంపెనీ మనిషి. కంపెనీ బొమ్మల్ని ఎవరైనా దొంగతనంగా వాడుకుంటే పట్టుకోవడం అతని ఉద్యోగం. ఈ మధ్యాహ్నం మాత్రం పోలీసుల ఉద్యోగం కూడా తనే చేసేశాడు. హెలెన్ హోటల్లో అడుగు పెట్టేసరికే ఈ పళ్ళ డాక్టర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, మేనేజరు గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర ఇద్దర్ని కాపలా పెట్టాడు.

జరిగింది ఇదీ. కామిక్ పుస్తకాల సంబరానికి వర్జిల్ హెండ్రీ ముఖ్య అతిథిగా వచ్చాడు. పంతొమ్మిదివందల అరవైల్లో కాపర్ జేన్ అనే వీరనారిని గీసి దేశమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. సాయంత్రం తన పాత బొమ్మల్ని తెర మీద చూపిస్తూ మాట్లాడాల్సి ఉంది. రెండున్నర దాటాక, రెండో అంతస్తులో ఆయనకిచ్చిన గదిలో తల పగిలి పడి ఉన్నాడు. మొదట చూసిందీ, అంబులెన్సుకి ఫోను చేసిందీ కెల్. ఆ గదిలోంచి కాపర్ జేన్ వేషంలో ఉన్నావిడ బయటికి పరుగెత్తడం కాఫీ అమ్మే లూయెల్లా ప్రైస్ చూసింది.

చిక్కల్లా ఒకటే. వేషాల పోటీ ఉండటంతో ఆ పూట హోటల్ నిండా కాపర్ జేన్‌లే.

“జేన్‌లు ఎంతమంది ఉన్నా రకాలు నాలుగే, మేడం,” కెల్ వేళ్ళు మడిచాడు. “మొదటి జేన్ యుద్ధకాలం నాటిది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే పిల్ల. గౌను, రెండు చేతులకీ కడియాలు, ముసుగుండదు. రెండో జేన్ వర్జిల్ గీసినది. ప్యాంటు, ముసుగు, కడియం ఎడమచేతికి ఒక్కదానికే. కుడిచెయ్యి బోసి. మూడోది మొన్నమొన్నటిది. పొట్టి జుట్టు, పొడుగు కోటు, కడియాలే ఉండవు. నాలుగోది ఇదిగో, ఈవిడ. అద్దం లోకంలోంచి వచ్చిన దొంగ జేన్. రెండో జేన్‌కి తిరగబడ్డ రూపం. రాగికి చిలుము పట్టినట్టు ఒళ్ళంతా పచ్చ, కడియం కుడిచేతికి. మా పాఠకులు చిలుము జేన్ అంటారు. లూయెల్లా ఏం చూసింది? పచ్చటి ఒళ్ళు, కుడిచేతి కడియం. ఈ హోటల్లో చిలుము జేన్ వేషం వేసింది ఈవిడొక్కతే. ఇంకేం కావాలి మీకు?”

“ఆ సమయంలో మీరెక్కడున్నారు డాక్టరమ్మా?” అంది హెలెన్.

“పోటీ వరసలో నిలబడ్డాను.”

“సాక్షి ఉన్నారా?”

“నా వెనకాల తేలు ఉంది.”

“తేలా?”

“తేలు వేషం వేసిన కుర్రాడు. మొహం కనబడలేదు, పేరు తెలీదు. నా ముందు ఒక రోబో. వాడి పేరూ తెలీదు.” ఆమె ముసుగుని నుదుటి మీదికి తోసుకుంది. “చూడండి, వర్జిల్ హెండ్రీ అంటే నాకు దేవుడితో సమానం. ఆయన సంతకం కోసం చిన్నప్పుడు వానలో నిలబడి జ్వరం తెచ్చుకున్నదాన్ని. ఆయన్ని నేను కొట్టడమేంటి?”

“దేవుణ్ణి కొట్టిన భక్తులు చాలామందే ఉన్నారు,” అన్నాడు కెల్.

వినిఫ్రెడ్ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. చెయ్యి తీసేసరికి కుర్చీ మీద ఐదు వేళ్ళూ పచ్చగా అచ్చు పడ్డాయి. హెలెన్ అటే చూసింది. బల్ల మీద ఆమె తాగి వదిలేసిన కాఫీ కప్పూ పచ్చగానే ఉంది. తలుపు గడియా పచ్చగానే ఉంది.

“ఈ రంగు ఆరదా?”

“ఆరుతుంది, కానీ చెమట పడితే వదులుతుంది. పొద్దున్నుంచి ముట్టుకున్న ప్రతిదాన్నీ ఖరాబు చేస్తూనే ఉన్నాను.”

హెలెన్ లేచింది. “కెల్ గారూ, ఆ గది చూద్దాం పదండి. డాక్టరమ్మ ఇక్కడే ఉంటారు. తలుపు దగ్గర మాత్రం మీ మనుషులు కాదు, నా మనుషులు ఉంటారు.”

* * *

వర్జిల్ గది వేదిక వెనక వరండాలో ఉంది. చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి తెల్లటి తెర, దానికి ఎదురుగా స్లైడ్ ప్రొజెక్టరు. తివాచీ మీద రక్తం మరక. దాని పక్కనే సంబరంవాళ్ళు ఆయనకి బహుమానంగా ఇచ్చిన కంచు బొమ్మ. దాని పీట అంచుకి నెత్తురూ, రెండు తెల్ల వెంట్రుకలూ అంటుకుని ఉన్నాయి.

ప్రొజెక్టరు ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద బొమ్మ మాత్రం లేదు. వట్టి వెలుగు.

“ఇది ఎవరూ ఆపలేదా?” అడిగింది హెలెన్.

“ఏదీ ముట్టుకోవద్దని నేనే చెప్పాను,” అన్నాడు కెల్ గర్వంగా.

హెలెన్ వంగి స్లైడ్‌ల చట్రాన్ని చూసింది. వరసగా అన్నీ ఉన్నాయి. సరిగ్గా దీపానికి ఎదురుగా ఉన్న గడి మాత్రం ఖాళీ.

“పెద్దాయన సాయంత్రం మాట్లాడబోయేది ఇక్కడ ఒకసారి చెప్పుకుంటున్నాడు. ఒక బొమ్మ దగ్గర ఆగాడు. ఆ బొమ్మ తెర మీద ఉండగానే దెబ్బ పడింది. ఆ బొమ్మనే ఎవరో తీసుకుపోయారు.”

“ఒక స్లైడు కోసం హత్య చేస్తారా ఎవరైనా?”

“ఇంకా హత్య కాలేదండీ. మనిషి బతికే ఉన్నాడు. మీకేంటి అంత తొందర?”

కెల్ గడియారం చూసుకున్నాడు.

హెలెన్ తలుపు పిడిని రెండు వైపులా చూసింది. తెల్లటి పింగాణీ పిడి. చిన్న మరక కూడా లేదు. తరవాత జేబురుమాలుతో కంచు బొమ్మని పైకెత్తి వెలుతురుకి పెట్టింది. నెత్తురు తప్ప ఇంకే రంగూ లేదు.

“చిలుము జేన్ చేతికి తొడుగులుంటాయా?”

“ఉండవు. వట్టి చేతులే,” అనేసి, ఆ మాట ఎక్కడికి పోతుందో తెలిసి కెల్ ఆగాడు.

“ఆవిడ ముట్టుకున్న కాఫీ కప్పు పచ్చబడింది. కుర్చీ పచ్చబడింది. ఇంత బరువు బొమ్మని ఎత్తి, మనిషిని కొట్టి, తలుపు తీసుకుని పారిపోయినావిడ ఇక్కడ గోరంత రంగు కూడా వదల్లేదంటారా?”

“తుడిచి ఉంటుంది.”

“నెత్తురు వదిలేసి రంగు ఒక్కటే తుడిచిందా? చాలా శుభ్రమైన మనిషి పాపం.”

“చూడండి మేడం,” కెల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “సాక్షి ఉంది. ముద్దాయి ఉంది. రేపు పొద్దున్నే పేపర్లలో కంపెనీ పేరు పడకుండా, ఎవరో పిచ్చి అభిమాని చేసిన పనిగా ఇది తేలిపోవాలి. మీ పైవాళ్ళతో మా వకీళ్ళు మాట్లాడుతున్నారు. మీరు ఎదురీదడం మీకే మంచిది కాదు.”

“నాకు ఈత రాదండీ. నేల మీదే నడుస్తాను. లూయెల్లాని పిలవండి.”

లూయెల్లా ప్రైస్ ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. లావుపాటి మనిషి. భయం ఇంకా మొహంలోంచి పోలేదు.

“వర్జిల్ గారికి కాఫీ తెస్తున్నానమ్మా. ఆ మలుపు దగ్గరికి వచ్చాను. ధడేల్మని తలుపు తెరుచుకుంది. రాగి జేన్... కాదు, పచ్చ జేన్ పరుగెత్తింది. కాఫీ అంతా నా చేతుల మీద ఒలికింది. ఇదిగో చూడండి, ఎలా కందిపోయిందో. అరుచుకుంటూ వెనక్కి పరుగెత్తాను.”

“మొహం చూశావా?”

“లేదు. జుట్టు ముసుగు మీద పడింది. ఒళ్ళు పచ్చగా ఉంది. కడియం కుడిచేతికి ఉంది, ఒట్టు. ఎడమచేతికి మోచేతి దాకా పొడుగు తొడుగు.”

“తొడుగా?” హెలెన్ కెల్ వైపు చూసింది. “ఇది మీరు చెప్పలేదే?”

“అది భ్రమ. ఏ జేన్‌కీ అలాంటి తొడుగు లేదు. అందుకే వదిలేశాను.”

“సాక్షి మాటల్లో మీకు నచ్చినవే ఏరుకున్నారన్నమాట. లూయెల్లా, నువ్వు నిలబడ్డ చోట ఈయన్ని నిలబెట్టు. కాఫీ ఒలికిన మరక ఉంటుంది, సరిగ్గా దాని మీద. కెల్ గారూ, నేను గదిలోంచి బయటికి వస్తాను. రుమాలు ఏ చేతికి కట్టుకున్నానో చూసి చెప్పండి.”

వేదిక దీపాలకి అడ్డం రాకూడదని ఆ వరండాలో లైట్లన్నీ తీసేశారు. బయటికి దారి చూపించే పచ్చదీపం ఒక్కటే వెలుగుతోంది. హెలెన్ తలుపు తీసుకుని నాలుగడుగులు పరుగెత్తి ఆగింది.

“చెప్పండి.”

“కుడిచేతికి,” అన్నాడు కెల్ మలుపు అవతల్నించి. “ఇదేం ఆట?”

హెలెన్ నడుచుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది. రుమాలు ఎడమచేతికి ఉంది.

లూయెల్లా నోరు తెరిచింది. “అదేంటి?”

“ఎదురుగా చూడు తల్లీ.”

వేషగాళ్ళు వేదికెక్కే ముందు ఒక్కసారి చూసుకోవడానికని మలుపులో నిలువెత్తు అద్దం పెట్టారు. కాఫీ మరక దగ్గర నిలబడినవాళ్ళకి గది తలుపు కనబడదు. అద్దంలో ఉన్న తలుపే కనబడుతుంది.

“అయితే నేను చూసింది మనిషిని కాదా?” అంది లూయెల్లా గుండె మీద చెయ్యి వేసుకుని.

“అద్దంలో మనిషి నీడని. నీడకి కడియం కుడిచేతికుంటే మనిషికి ఎడమచేతికి ఉన్నట్టు. పచ్చదనం ఆ దీపానిది. నా చెయ్యి చూడు, నేనూ చిలుము జేన్‌లాగే లేనూ?”

కెల్ మొహం ఎర్రబడింది. అయినా తేరుకున్నాడు. “సరే, అయితే రెండో జేన్. ఎడమచేతి కడియం. పట్టుకోండి వెళ్ళి. ఎనిమిదిమందో తొమ్మిదిమందో ఉంటారు.”

“రెండో జేన్‌కి కుడిచెయ్యి బోసి అని మీరే చెప్పారు. ఈవిడకి కుడిచేతికి మోచేతి దాకా తొడుగుంది.”

“అబ్బా, తొడుగు తొడుగని ప్రాణం తీస్తున్నారే! ఎవరో ముసలావిడ చేతి ముడతలు దాచుకోడానికి వేసుకుని ఉంటుంది. దానికింత విచారణా?”

హెలెన్ చేతికి కట్టిన ముడి విప్పింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. లూయెల్లా మొహం చూడలేదు, వయసు చెప్పలేదు. ఆ పూట ఎవరి నోటా వయసు మాటే రాలేదు. మరి ఈయన ముసలావిడని ఎక్కడ చూశాడు?

“మీరు అన్నదీ నిజమే,” అంది తాపీగా. “కాసేపు మీ వకీళ్ళతో మాట్లాడుకోండి. అవసరమైతే పిలుస్తాను.”

కెల్ ఆమెను అనుమానంగా చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

* * *

వినిఫ్రెడ్‌కి ఎవరో తడిగుడ్డ ఇచ్చినట్టున్నారు. ముక్కూ బుగ్గలూ తెల్లగా బయటపడ్డాయి. చెవుల చుట్టూ ఇంకా పచ్చదనమే.

“మీరు ఇంటికి వెళ్ళొచ్చు డాక్టరమ్మా. కానీ ముందు ఒక్క మాట. ఎడమచేతికి కడియం, కుడిచేతికి మోచేతి దాకా తొడుగు. ఇది ఏ జేన్?”

పళ్ళ డాక్టరు చెంపలు తుడుచుకోవడం ఆపేసింది.

“అలాంటి జేన్ లేదు.”

“వేషం వేసినావిడ పొరపాటు పడి ఉంటుందా?”

“ఈ పోటీల్లో పొరపాట్లా? ఒక బొత్తాం రంగు తేడా వస్తే పక్కనున్నవాళ్ళు పీక్కు తింటారు. తొడుగేసుకున్నదంటే కావాలనే వేసుకుంది.” ఆమె ముందుకు వంగింది. “మాలో ఒక పుకారు ఉంది. చిన్నప్పట్నుంచీ వింటున్నాను. రెండో జేన్‌ని మొదట గీసినప్పుడు కుడిచేతికి తొడుగు ఉండేదట. దాని కింద కాలిన మచ్చలు. కథలో ఆ మచ్చల వల్లే ఆమెకి శక్తి వస్తుంది. మచ్చల చెయ్యి ఉన్న వీరనారిని ఎవరు కొంటారని కంపెనీ ఆ పేజీల్ని ఆపేసింది. చెయ్యిని బోసిగా, అందంగా మార్చి అచ్చేసింది. ఐదో జేన్ అంటాం మేము. చూసినవాళ్ళు ఎవరూ లేరు.”

“వర్జిల్‌కి ఆ ఆలోచన ఎలా వచ్చింది?”

“అక్కడే ఉంది అసలు గొడవ. ఆ రోజుల్లో ఆయన బొమ్మలకి రంగులేసే ఒకావిడ ఉండేది, అడీల్ కోర్విన్. ప్రెస్సులో మంటలంటుకుని ఆవిడ కుడిచెయ్యి కాలిపోయింది. ఐదో జేన్ ఆవిడ ఆలోచనే అంటారు. అసలు రెండో జేన్ మొత్తం ఆవిడదే అనేవాళ్ళూ ఉన్నారు. తరవాత ఆవిడ ఏమైందో ఎవరికీ తెలీదు. పుస్తకాల మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది.”

హెలెన్ బల్ల మీది ఫోనందుకుని ఆసుపత్రికి కలిపింది. నర్సు గొంతు ఉత్సాహంగా పలికింది.

“హెండ్రీ గారా? గండం గడిచింది మేడం. తలకి కుట్లు పడ్డాయి. నిద్రలో ఉన్నారు. మధ్యలో రెండు మాటలు గొణిగారు కూడా. భయం లేదు, వాళ్ళావిడ పక్కనే కూర్చుని ఉన్నారు.”

హెలెన్ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. “వర్జిల్ భార్య పేరేంటి?”

“భార్యా?” వినిఫ్రెడ్ పచ్చటి కనుబొమ్మలు పైకెత్తింది. “ఆయన పెళ్ళే చేసుకోలేదు.”

* * *

ఆసుపత్రి నాలుగు వీధుల అవతల ఉంది. హెలెన్ కారు కోసం చూడలేదు. వానలో పరుగెత్తింది.

గది బయట కాపలా ఉన్న కుర్ర కానిస్టేబుల్ డిలేనీ సగం తిన్న శాండ్‌విచ్ వెనక దాచుకుని నిటారుగా నిలబడ్డాడు. “భార్యనన్నారు మేడం. ఏడుస్తూ వచ్చారు. ఎలా కాదనను?”

హెలెన్ తలుపు తోసింది.

మంచం మీద వర్జిల్ హెండ్రీ తలకి కట్టుతో కళ్ళు మూసుకుని ఉన్నాడు. పక్కన కుర్చీలో పొడుగాటి వాన కోటు తొడుక్కున్న పెద్దావిడ. నెరిసిన జుట్టు భుజం మీంచి జారుతోంది. కోటు చేతుల కింద ఒకవైపు రాగి మెరుపు, ఇంకోవైపు ముదురు గోధుమరంగు తోలు తొడుగు.

“అడీల్ కోర్విన్ గారు,” అంది హెలెన్.

ఆవిడ ఉలిక్కిపడలేదు. “ఈ పేరు పెట్టి నన్ను ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళయిందో.”

“గదిలోంచి ఎందుకు పారిపోయారు?”

“భయమేసింది.” అడీల్ పడుకున్న మనిషినే చూస్తూ మాట్లాడింది. “వర్జిల్ నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు, ఏళ్ళు గడిచిపోయాయి. మొన్న పేపర్లో చూశాను, ఎవరూ చూడని జేన్‌ని చూపిస్తాడని. ఆ జేన్ ఎవరో నాకు తెలుసు. నా చేతికి మచ్చలు మిగిలితే సిగ్గుతో దాచుకునేదాన్ని. ఒకరోజు పని బల్ల మీద కూర్చుని, మచ్చలున్న పిల్లని గీద్దాం వర్జిల్, దాచుకోని పిల్లని, అన్నాను. ఆ రాత్రంతా ఇద్దరం కూర్చుని గీశాం. అందుకే ఈ వేషం కుట్టుకుని వచ్చాను. జనం ముందు ఆ బొమ్మ పడగానే లేచి నిలబడదామని. ముందు ఒకసారి పలకరిద్దామని గదికి వెళ్ళాను. అప్పటికే పడి ఉన్నాడు. గదిలో ఆ కంపెనీ మనిషి ఉన్నాడు.”

“కెల్?”

“అతనే. నన్ను చూశాడు. అతన్ని తోసుకుని బయటికి పరుగెత్తాను.”

హెలెన్ మనసులో ముక్కలు కలిశాయి. ముసలావిడని కెల్ చూసింది అక్కడే. చూసి కూడా దాచాడు. పచ్చరంగు పూసుకున్న పళ్ళ డాక్టర్ని బలిపశువుని చేశాడు. ఐదో జేన్ ఉందని లోకానికి తెలియకూడదు. తెలిస్తే రెండో జేన్ ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది.

డిలేనీ తల లోపలికి పెట్టాడు. “మేడం, కామిక్స్ కంపెనీ ఆయన పువ్వులు పట్టుకుని లిఫ్ట్ దిగాడు. ఏం చెప్పమంటారు?”

“నేనిక్కడ లేను. రానివ్వు. తలుపు అవతలే ఉండు, నేను పిలిస్తే వచ్చెయ్.” హెలెన్ అడీల్ వైపు తిరిగింది. “మీరు కదలకండి. నేను ఆ బాత్రూంలో ఉంటాను. అతన్ని మాట్లాడనివ్వండి, చాలు.”

అడీల్ కుర్చీలోంచి సగం లేచింది. “వద్దు. నేనూ వెళ్ళిపోతాను. అతనితో నేను మాట్లాడను.”

“మీ మీద ఈగ వాలనివ్వను. కూర్చోండి.”

బాత్రూం తలుపు సందులోంచి మంచం, కుర్చీ, నర్సు వదిలేసి వెళ్ళిన కట్ల ట్రే కనబడుతున్నాయి. కెల్ లోపలికొచ్చి, తలుపు మూసి, పువ్వుల్ని మంచం చివర పడేశాడు.

“నువ్విక్కడే ఉంటావని అనుకున్నాను,” అన్నాడు.

“వెళ్ళిపో.”

“ఆ పోలీసావిడకి తొడుగు సంగతి తెలిసిపోయింది. ఇవాళ కాకపోతే రేపు నీ దగ్గరికి వస్తుంది. అందుకని ముందు మనం ఒక మాట అనుకోవాలి.”

“ఇప్పుడు కాదు,” అంది అడీల్. రెండు చేతులూ జోడించింది. “కెల్, నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడేం మాట్లాడకు.”

“ఇప్పుడే మాట్లాడాలి. వీడు లేచాడంటే ఇద్దరం మునుగుతాం. విను. ఆ స్లైడు నేను తీశాను, కాల్చేశాను. అది నువ్వు చూడలేదు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి ఆ కంచు బొమ్మ నీ చేతిలో ఉంది. అది నేను చూడలేదు. ఆ పళ్ళ డాక్టరు ఎలాగూ దొరికింది. ఏమంటావు?”

తలుపు సందులోంచి హెలెన్ చూపు ఆ తోలు తొడుగు మీదికి వెళ్ళింది.

తరవాత అడీల్ లేచి నిలబడింది. కెల్‌ని చూడలేదు. తిన్నగా బాత్రూం తలుపు వైపు చూసింది.

“బయటికి రండి డిటెక్టివ్ గారూ. వినాల్సింది వినేశారు కదా.”

కెల్ వెనక్కి తిరిగాడు. హెలెన్ తలుపు తోసుకుని వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తోలు తొడుగు చేతిలో ట్రేలోని కత్తెర ఉంది. దాని మొన వర్జిల్ గొంతు మీద, నరం కొట్టుకునే చోట ఆనింది.

“డిలేనీ!” అరిచింది హెలెన్. తలుపు భళ్ళున తెరుచుకుంది. కుర్రాడు గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

“ఎవరూ కదలకండి,” అంది అడీల్. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కత్తెర మొన మాత్రం జరగలేదు. “నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. బొమ్మ తెర మీదుంది. నా చెయ్యి, నా మచ్చలు. ఈయన ఖాళీ కుర్చీలకి చెబుతున్నాడు, ఒకరాత్రి ఒంటరిగా కూర్చుని ఉండగా ఈ ఆలోచన నాకు వచ్చింది, అని. ఒంటరిగా అట! నేను లోపలికి వెళ్ళి, వర్జిల్, ఆ రాత్రి నీ పక్కన ఎవరున్నారు, అని అడిగాను. మీరెవరండీ అన్నాడు.”

“అడీల్ గారూ, కత్తెర కింద పెట్టండి. ఆ బొమ్మ మీదేనని చెప్పడానికి నేనున్నాను. ఈ కెల్ నోటితోనే చెప్పిస్తాను.”

“వీళ్ళెవరూ చెప్పక్కర్లేదు.”

మాటల అలికిడికి వర్జిల్ కనురెప్పలు కదిలాయి. మెల్లిగా తెరుచుకున్నాయి. ఆ చూపు హెలెన్‌ని దాటింది, కెల్‌ని దాటింది, తన మీదికి వంగిన మొహం దగ్గర ఆగింది. ఈసారి గుర్తుపట్టాడు. కళ్ళ నిండా భయం.

అడీల్ ఇంకాస్త కిందికి వంగింది. కత్తెర మొన కింద చిన్న నెత్తుటి చుక్క పుట్టింది.

“ఇంతమంది ఉన్నారు వర్జిల్,” అంది మెత్తగా. “చెప్పు. నా పేరేంటి?”

ఆయన ఎండిపోయిన పెదాలు కదిలాయి. మాట మాత్రం బయటికి రాలేదు.